చేతులెప్పుడు కడుక్కోవాలి?

మా సంస్థ పూర్తి పేరు తడుముకోకుండా చెప్పగలవాళ్లు ఇద్దరే. ఒకరు మా డిప్యూటీ డైరెక్టరు పరాంకుశం గారు. రెండోవాడు ఆ బోర్డు రాసిన పెయింటరు. అసంఘటిత రంగ మహిళా శ్రామిక విద్యా నైపుణ్య చైతన్య వికాస సంస్థ. నేనందులో క్షేత్ర బోధకుణ్ణి. అంటే ఎండలో తిరిగి చదువు చెప్పేవాణ్ణి. ఏం చెప్పాలో నీడలో కూర్చుని తేల్చేవాళ్లు వేరే ఉన్నారు.

నాకు అప్పగించిన కేంద్రం గుంటూరు పొలిమేరలో, మిర్చి గోడౌన్ల వరసలో చివరిది. అక్కడ నలభై మంది ఆడవాళ్లు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తారు. కాయ పట్టుకోవడం, బొటనవేలి గోటితో తొడిమ గిల్లడం, కాయ ఒకవైపు, తొడిమ ఒకవైపు. చెప్పడానికి ఇంతే. సాయంత్రానికి ఆ చేతులు పొయ్యిలోంచి తీసిన అట్లకాడలా ఉంటాయి. ఎంత నూనె రాసుకుని కూర్చున్నా మంట గోళ్ల సందుల్లోకి దిగుతుంది.

అందుకే వాళ్లలో ఒక పద్ధతి ఉంది. రోజుకొకరు వంతున కాయ ముట్టకుండా కూర్చుంటారు. ఆమెను చలవచెయ్యి అంటారు. ఎవరి కంట్లోనైనా ఘాటు పడితే తుడిచేది చలవచెయ్యి. ముక్కు దురద పెడితే గోకేది, జారిన ముడి వేసేది, చీర ఉయ్యాలలో పసిపిల్ల ఏడిస్తే ఎత్తుకునేది ఆమే. ఆమె వంతు కాయలు మిగతా ముప్పైతొమ్మిది మందీ తలా దోసెడు పంచుకుని గిల్లేస్తారు. పొద్దున వస్తూనే "ఇయ్యాల చలవచెయ్యి ఎవురిది?" అని అడగడం వాళ్లకు పలకరింపుతో సమానం.

ఇంత ఏర్పాటు చేసుకున్నా ఒక చోట మాత్రం ఒకరి చేతులు ఇంకొకరికి పనికిరావు. అది మరుగుదొడ్డి. పోయినేడాది ఇంకేదో పథకం కింద గోడౌను వెనక ఒకటి కట్టారు. నీళ్లు మరిచిపోయారు. బోరు అర కిలోమీటరు దూరంలో ఉంది. మిర్చి చేతులతో లోపలికి వెళ్లిన మనిషికి ఏమవుతుందో విప్పి చెప్పక్కర్లేదు. అంచేత వాళ్లు పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు తాగకుండా బిగబట్టి కూర్చుంటారు. సగం మందికి మూత్రంలో మంట, సగం మందికి నడుంనొప్పి. ఇద్దరు ఆస్పత్రి పాలయ్యారు.

ఎస్తేరమ్మ అనే ఆమె ఇరవై రెండేళ్లుగా అక్కడ తొడిమలు తీస్తోంది. ఒకనాడు నాతో అంది: "మాస్టారూ, నువ్వు చెప్పే అ ఆలు తరవాత. ఒక కుళాయి ఏయించు. దొడ్డికి పొయ్యే ముందు చేతులు కడుక్కోవాల. మా సలోమి పసిబిడ్డ తల్లి. పాలియ్యాలంటే బోరు దాకా పోయిరావాల. అది తిరిగొచ్చేలోపు బిడ్డ ఏడ్చి ఏడ్చి నిద్రబోద్ది."

సలోమి ఆమె కూతురు. పది పాసైంది. కేంద్రంలో నా కన్నా చక్కని దస్తూరీ ఆ పిల్లదే. అర్జీ నేను చెప్పాను, ఆమె రాసింది: "మరుగుదొడ్డికి వెళ్లబోయే ముందు చేతులు శుభ్రపరచుకొనుటకు ఒక కుళాయి మంజూరు చేయగలరని ప్రార్థన." నలభై మంది సంతకాలు పెట్టారు. కాగితం మీద అక్కడక్కడా ఎర్రటి వేలిముద్రలు పడ్డాయి. వాటిని తాకిన చేతిని కంటికి తగలనీయకుండా జాగ్రత్తగా కవరులో పెట్టి ఆఫీసుకు తీసుకెళ్లాను.

పరాంకుశం గారు అర్జీని రెండుసార్లు చదివారు. తర్వాత ఎర్ర పెన్ను తీసి "ముందు" అన్న మాట కింద గీత గీశారు.

"ఏమిటయ్యా ఇది? వెళ్లే ముందు కడుక్కుంటారా?"

"అవునండీ. మిర్చి చేతులు కదండీ..."

"ప్రపంచమంతా వెళ్లొచ్చాక కడుక్కుంటుంటే వీళ్లు వెళ్లకముందు కడుక్కుంటారా! ఇన్నేళ్ల అక్షరాస్యతా ఉద్యమం ఏమైపోయినట్టు?"

"వాళ్లకు మంట అండీ."

"మంట మన పరిధిలోకి రాదు. మిర్చి మార్కెటింగు వారిది. మరుగుదొడ్డి పారిశుద్ధ్యం వారిది. మంట ఆరోగ్యశాఖది. మన పరిధి చైతన్యం వరకే. ఇక్కడ లోపించింది నీళ్లు కాదు, చైతన్యం. ఎప్పుడు కడుక్కోవాలో తెలియని చేతికి కుళాయి ఇవ్వడం ప్రజాధనం దుర్వినియోగం."

అర్జీ మార్జిన్‌లో ఇలా రాశారు: "అవగాహనా లోపం స్పష్టంగా కనబడుచున్నది. హస్త పరిశుభ్రతపై నలభై ఐదు రోజుల శిక్షణ ఇచ్చి, పరీక్ష నిర్వహించి, నూరు శాతం ఉత్తీర్ణత సాధించిన పిదప కుళాయి అంశమును పరిశీలించవచ్చును."

ఈ మాట గోడౌనులో చెబితే ఎస్తేరమ్మ "నీళ్లియ్యటానికి పరిచ్చ పెడతారా? ఇయ్యకపోటానికి పెడతారా?" అంది. బోధకుడికి ప్రశ్నపత్రం వస్తుంది కానీ జవాబులు రావు.

శిక్షణ మొదలైంది. ముఠా మేస్త్రీ పనివేళల్లో ఒప్పుకోనన్నాడు కాబట్టి మధ్యాహ్నం భోజనాల వేళ పెట్టాం. అన్నం తినే అరగంటా పాఠానికి పోయింది. హెడ్డాఫీసు నుంచి రంగుల చార్టు వచ్చింది. అందులో తెల్లని చేతులు, వాటి మీద నురగ, పక్కన నీలం రంగులో ధారగా నీళ్లు. ఆ నీళ్ల కేసి నలభై మందీ ఆశగా చూశారు.

చేతులు కడగడంలో ఆరంచెలు ఉన్నాయట. అరచేతులు రుద్దడం, వేళ్ల సందులు రుద్దడం, బొటనవేలు తిప్పడం, అలా. నీళ్లు రెండో దశలో మంజూరవుతాయి కాబట్టి మొదటి దశలో ఉత్తినే రుద్దించాలి. నేను "ఒకటి" అంటే అందరూ మిర్చి చేతులు రుద్దుకునేవారు. "రెండు" అంటే వేళ్ల సందులు. పొద్దుటి నుంచి పైపైన ఉన్న కారం నా పుణ్యమా అని చర్మంలోకి ఇంకేది. మూడో అంచె దగ్గరే కొందరి కళ్లలో నీళ్లు తిరిగేవి. నెలవారీ నివేదికలో పరాంకుశం గారు "శిక్షణార్థులు భావోద్వేగానికి లోనగుచున్నారు" అని రాశారు.

నలభై ఐదో రోజున పరీక్ష పెట్టాం. ఒకటే ప్రశ్న. చేతులెప్పుడు కడుక్కోవాలి? అ: మరుగుదొడ్డికి వెళ్లిన తరువాత. ఆ: వెళ్లే ముందు.

నలభై మందీ "ఆ" రాశారు. సలోమి అంతటితో ఆగకుండా, ముందు ఎందుకు కడుక్కోవాలో, తరువాత కూడా ఎందుకు కడుక్కోవాలో, రెండు పూటలా నీళ్లుంటే గొడవే ఉండదని పేజీన్నర రాసింది. అంత మంచి వ్యాసం నేను బీయేలో కూడా రాయలేదు. ఫలితం: ఉత్తీర్ణులు సున్నా.

పరాంకుశం గారి ముఖం వెలిగిపోయింది. "చూశావా! సున్నా! ఈ కార్యక్రమం ఎంత అవసరమో ఇంతకంటే ఋజువు కావాలా? ఇది పొడిగించాలి." సలోమి వ్యాసం మీద మాత్రం ఆయనకు చిరాకేసింది. "చదువురాని అజ్ఞానాన్ని దిద్దవచ్చు. చదువుకున్న అజ్ఞానం ప్రమాదం" అన్నారు.

పొడిగింపు మంజూరయ్యాక ఆయన స్వయంగా తనిఖీకి వచ్చారు. ఆ రోజు చలవచెయ్యి ఎస్తేరమ్మది. ఒకామె కన్ను తుడిచి, ఇంకొకామె వీపు గోకి, మనవరాలిని భుజాన వేసుకుని నిలబడింది.

"ఏం పని చేస్తున్నావమ్మా నువ్వు?" అడిగారు పరాంకుశం గారు.

"ఇయ్యాల చలవచెయ్యి నాదయ్యా."

"అంటే?"

"కాయ ముట్టను. అందరికీ చెయ్యిగా ఉంటా."

ఆయన రిజిస్టరు తెరిపించారు. "ముట్టనిచో పని లేదు. పని లేనిచో శ్రామికురాలు కాదు. శ్రామికురాలు కానిచో శ్రామిక విద్యకు అర్హత లేదు. ఏ రోజు ఎవరు ఖాళీగా కనబడితే ఆ రోజు వారి పేరు కొట్టివేయవలెను." తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించారు. "నూరు శాతం హాజరు లేకపోతే కుళాయి ఫైలు మూతపడుతుంది. వాళ్లకు నచ్చజెప్పు."

నచ్చజెప్పాను. అంత తేలిగ్గా నచ్చజెప్పగలిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. కుళాయి కోసం వాళ్లు చలవచెయ్యి మానేశారు. మర్నాటి నుంచి నలభై మందివీ ఎనభై ఎర్ర చేతులే.

నాలుగో రోజు సలోమి బిడ్డ ఉయ్యాలలో గుక్కపట్టి ఏడ్చింది. ఎత్తుకోవడానికి ఒక్క శుభ్రమైన చెయ్యి లేదు. సలోమి బిందె అడుగున మిగిలిన చెంబెడు నీళ్లతో చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. చెంబెడు నీళ్లకు మిర్చి వదులుతుందా? బిడ్డ మూతి ఎర్రగా వాచిపోయింది. ఆ ఏడుపుకు లారీలు లోడు చేసే హమాలీలు కూడా పని ఆపి వచ్చి నిలబడ్డారు. మజ్జిగలో గుడ్డ ముంచి తుడుద్దామంటే, ఆ గుడ్డ పిండే చెయ్యి కూడా కారమే. చివరికి ఒక హమాలీ వచ్చి తుడిచాడు. అప్పుడుగాని నాకు గుర్తు రాలేదు. అక్కడ శుభ్రమైన చేతులు నావి కూడా ఉన్నాయి. అంతసేపూ వాటితో నేను హాజరు పట్టీ పట్టుకుని నిలబడ్డాను.

ఆ సాయంత్రం ఎస్తేరమ్మ అందరినీ కూర్చోబెట్టింది. "ఇదిగో చెప్తన్నా ఇనండి. ఈసారి అందరం 'తరవాత' అనే రాద్దాం. కాయితం మీద అబద్ధం రాత్తే కుళాయిలో నిజం నీళ్లొస్తాయేమో చూద్దాం."

సలోమి బిడ్డ మూతికి వెన్న రాస్తూ కూర్చుంది. పరీక్ష రోజున మాత్రం అందరికంటే ముందు "అ" రాసి కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. కింద ఒక్క వాక్యం కూడా రాయలేదు.

నూటికి నూరు. రాష్ట్రంలోనే మొదటిసారి. కమిషనరు గారు అభినందన లేఖ పంపారు. కుళాయి మంజూరైంది.

మంజూరైన కుళాయికి ఒక ప్రత్యేకమైన నమూనా వేయించారు పరాంకుశం గారు. పాత అలవాట్లు అంత తొందరగా పోవని ఆయన అనుభవం. కుళాయి కనబడితే ఆడవాళ్లు మళ్లీ ముందే కడిగేసుకుంటారు. అందుకని మరుగుదొడ్డి వెనక గోడకు రెండో తలుపు పెట్టించి, దాని వెనక నిలువెత్తు ప్రహరీ కట్టించి, ఆ ప్రహరీ లోపల కుళాయి వేయించారు. ముందు తలుపులోంచి వెళ్లాలి, పని ముగించాలి, వెనక తలుపులోంచి కుళాయి దగ్గరికి రావాలి. వెనక తలుపు దానంతటదే మూసుకుంటుంది, అటునుంచి తెరుచుకోదు. కడుక్కున్నాక ప్రహరీ గేటులోంచి బయటికి. ఆ గేటు లోపలి నుంచే తెరవాలి. ఫైల్లో దీని పేరు "దుర్వినియోగ నిరోధక కుళాయి."

"బిడ్డకు పాలియ్యాలంటే నీళ్లెట్టా అయ్యా?" అని అడిగింది సలోమి.

"మరుగుదొడ్డిలోంచి వెళ్లు తల్లీ. అన్ని దారులూ తెరిచే ఉన్నాయి కదా" అన్నారాయన.

ప్రారంభోత్సవానికి కమిషనరు గారు వచ్చారు. మనిషి మంచివాడే. పొద్దున్నే బయల్దేరి మూడు గంటలు కారులో కూర్చుని వచ్చాడు, దారిలో రెండు చోట్ల కొబ్బరినీళ్లు తాగించారు. రాగానే దండ వేయించుకుని, "నేను ప్రజల మనిషిని, ప్రజల మధ్యే కూర్చుంటాను" అని గోనెపట్టా మీద చతికిలబడి తొడిమలు గిల్లడం మొదలుపెట్టాడు. ఫొటోగ్రాఫరు అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి అంటూ పావుగంట గిల్లించాడు. "అద్భుతం సార్" అంటూ పరాంకుశం గారు ఆయన చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని ఊపారు. తర్వాత ప్రసంగం మొదలైంది. ప్రసంగం మధ్యలో కొబ్బరినీళ్లు పనిచేశాయి.

"ప్రారంభోత్సవమంటే రిబ్బను కత్తిరించడం కాదు! వాడి చూపించాలి! నేనే మొదటి లబ్ధిదారుణ్ణి!" అని ప్రకటించి కమిషనరు గారు మరుగుదొడ్డి వైపు నడిచాడు. చప్పట్లు మోగాయి.

ఎస్తేరమ్మ అడ్డం వచ్చింది. "అయ్యా, ఆగండయ్యా. ముందు చేతులు..."

"ఏయ్!" పరాంకుశం గారు పళ్లు కొరికారు. "నూటికి నూరు తెచ్చుకున్నదానివి, మళ్లీ ముందంటావా? సార్ ఎదుట పరువు తీస్తావా? అందరూ చెప్పండి. చేతులెప్పుడు కడుక్కోవాలి?"

నలభై మందీ ఒక్క గొంతుతో చెప్పారు. "తరవాతే."

కమిషనరు గారు మురిసిపోయి లోపలికి వెళ్లి గడియ పెట్టుకున్నాడు.

అర నిమిషం తర్వాత వచ్చిన కేకను ఏ ఫైల్లోనూ రాయలేదు, నేనూ రాయను. వెనక తలుపు దడాలుమంది. ఆయన ప్రహరీలోకి దూకినట్టున్నాడు. తలుపు దానంతటదే మూసుకుంది. "కుళాయికి తాళం ఉందయ్యా!" అన్న అరుపు ప్రహరీ మీంచి వచ్చింది. ప్రారంభం కాని కుళాయికి తాళం వేయడం ఆనవాయితీ. తాళంచెవి ఇవతల పళ్లెంలో, కుంకుమ పక్కన, కత్తెర మీద ఉంది.

"సార్, గేటు తీసుకుని ఇటు రండి సార్!" అన్నారు పరాంకుశం గారు.

"గేటేదో కనబట్టం లేదయ్యా! కళ్లు... కళ్లు తుడుచుకున్నాను..."

పరాంకుశం గారు తాళంచెవి తీసుకుని తన నమూనా ప్రకారమే ముందు తలుపు దగ్గరికి పరుగెత్తారు. దానికి లోపల గడియ ఉంది. ఇక లాభం లేదని హమాలీలు గేటు విరగ్గొట్టారు. కమిషనరు గారు పంచె ఒక చేత్తో పట్టుకుని, ముక్కూ కళ్లూ ఏకం చేసుకుని బయటపడ్డాడు. పరాంకుశం గారు భక్తిగా తన చేతిరుమాలుతో ఆయన కళ్లు అద్దారు. ఇందాక ఆయన చేతులు ఊపిన తర్వాత చెమట తుడుచుకున్న రుమాలు అది. రెండో కేక మొదటిదాన్ని మించింది. అంతలో తన కన్ను కూడా నలుపుకోవడంతో మూడోది పరాంకుశం గారు వేశారు.

"ఎవరైనా తుడవండమ్మా! ఎవరివైనా చేతులు..." కమిషనరు గారు చేతులు చాచి అడిగాడు.

ఎస్తేరమ్మ తన రెండు అరచేతులూ ఆయన ముందు పెట్టింది. ఆమె వెనక ఒక్కొక్కరే అందరూ పెట్టారు. ఎనభై ఎర్ర చేతులు.

"చలవచెయ్యి లేదయ్యా" అంది ఎస్తేరమ్మ. "ఉంటే ఖాళీగా ఉన్నట్టంట. మీవోళ్లు కొట్టేశారు."

కానీ నవ్వుతూ నిలబడలేదు వాళ్లు. తమ టిఫిను గిన్నెల్లోని మజ్జిగంతా ఒక బక్కెట్టులో పోశారు. అన్నం వేళ గొంతు తడుపుకోవడానికి దాచుకున్న నీళ్లూ తెచ్చారు. ముందు మజ్జిగ, తర్వాత నీళ్లు, అని సలోమి వరస చెబుతుంటే నేను పోశాను. ఆ పూట నలభై మందీ ఉత్తన్నం తిన్నారు.

పదిహేను రోజుల్లో చర్యలు మొదలయ్యాయి. విచారణ తేలే వరకు మరుగుదొడ్డికీ కుళాయికీ సీలు వేశారు. సీలు వేసిన మూడు రోజుల్లో గోడౌను గేటు పక్కన కొత్త కుళాయి ఒకటి వెలిసింది. దాని మీద బోర్డు: "తనిఖీ అధికారుల వినియోగార్థం. మరుగుదొడ్డికి వెళ్లుటకు ముందు చేతులు కడుగుకొనవలెను." దానికీ తాళం ఉంది. చెవి హెడ్డాఫీసులో ఉంది. పరాంకుశం గారికి ఈ "ముందు" సిద్ధాంతాన్ని కనిపెట్టినందుకు రాష్ట్ర స్థాయి ప్రశంసాపత్రం వచ్చింది.

ఆ వెంటనే నాకో కవరు వచ్చింది. లోపల కొత్త చార్టు, కొత్త ఉత్తర్వు. "శ్రామిక మహిళలు వెళ్లిన తరువాతనే చేతులు కడుగుకొనుచున్నట్లు గత పరీక్షలో నూరు శాతం ఋజువైనది. ఈ మూఢాచారమును నిర్మూలించుటకు నలభై ఐదు రోజుల శిక్షణ ఇచ్చి, పరీక్ష నిర్వహించి, నూరు శాతం ఉత్తీర్ణత సాధించిన పిదప కుళాయి అంశమును పునఃపరిశీలించవచ్చును."

చార్టు గోడకు తగిలించలేదు. మధ్యాహ్నం క్లాసులో రిజిస్టరు పక్కన పడేసి బోరు నుంచి రెండు బిందెలు తెచ్చాను. ఆ అరగంటా చలవచెయ్యి నాది. ఉద్యోగిని కాబట్టి ఖాళీగా ఉన్నా నా పేరు ఎవరూ కొట్టెయ్యరు. సలోమి చేతులు చాపితే పైనుంచి సన్నగా ధార పోస్తున్నాను. ఉయ్యాలలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

ఎస్తేరమ్మ ఉత్తర్వు చదివించుకుని వింది.

"అయితే మాస్టారూ, ఈసారి పరిచ్చలో ఏం రాయమంటావు?"

"ముందు అని రాయండి."

"అది మేం మొదట్లోనే రాశాం గదా. సర్లే, ఇంకోపాలి రాద్దాం. మరి నీళ్లెప్పుడిత్తారంట?"

బిందె ఖాళీ అయింది. సలోమి చేతులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"తరవాత" అన్నాను.